మామయ్య కరచాలనం

మామయ్య ఎదుట చెయ్యి చాపినవాడెవడూ దాన్ని వెంటనే వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు. లోకంలో అందరూ కరచాలనం చేస్తారు. మామయ్య మాత్రం చేతిని చదువుతాడు. ముందు పళ్ళు బేరమాడేవాడిలా అరచెయ్యి నొక్కుతాడు. తర్వాత ఒక్కో వేలూ మొదలు నుంచి కొస దాకా తడుముతాడు. "ఇక వదిలేస్తాడు" అని ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకోబోయే సమయానికి ఆ చెయ్యిని పైకెత్తి, ముక్కుకి బెత్తెడు దూరంలో ఆపి, కళ్ళు మూసుకుని తను ఊపిరి పీలుస్తాడు. అప్పుడు "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వచ్చిందా, మీరు నిర్దోషి. రాలేదా, సబ్బెక్కడుందో వెతుక్కోవాలి.

"ఆయన చెయ్యి పట్టుకుంటే బాకీ ఉన్నవాడిలా నిలబడాల్సిందే" అని నవ్వేది ఆయన మేనకోడలు. ఆమె నీటి సరఫరా శాఖ మహిళల హ్యాండ్‌బాల్ జట్టుకి కోచ్. ఆమె మామయ్య అంటుంది కాబట్టి ఆమె జట్టూ మామయ్య అంది. ఆ జట్టుతో ఓడిన జట్లూ, గెలిచిన జట్లూ అలాగే అన్నాయి. చివరికి హ్యాండ్‌బాల్ లోకం మొత్తానికి ఆయన మామయ్య అయి కూర్చున్నాడు.

ఈ చేతుల జబ్బు ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య అంటించింది.

ఫుట్‌బాల్‌లో కాళ్ళతో చేసే అల్లరంతా హ్యాండ్‌బాల్‌లో చేతుల్తో చేస్తారు. పరిగెత్తుతూ, గాల్లోకి లేస్తూ, బంతిని ఒంటిచేత్తో విసరాలి. జారిపోకుండా ఆటగాళ్ళు వేళ్ళకి చెట్టుబంక లాంటి జిగురు రాసుకుంటారు. జిగురుంటే బంతి వేళ్ళతో ప్రేమలో పడుతుంది, పొమ్మన్నప్పుడే పోతుంది. చిక్కేమిటంటే ఆ ప్రేమ బంతితో ఆగదు. తలుపులకీ, కుర్చీలకీ, అన్నిటికంటే ముందు నేలకీ అంటుకుంటుంది.

సమాఖ్యకి సొంత హాలు లేదు. అద్దె హాల్లో ఒకసారి ఫైనల్ ముగిసిన మర్నాడు అక్కడే విశ్రాంత న్యాయమూర్తుల సదస్సు జరిగింది. ముఖ్య అతిథి గంభీరంగా వేదిక మీదికి నడిచివెళ్ళాడు. బూట్లు మాత్రం హాలు మధ్యలో, సభ మీద గౌరవంతో లేచి నిలబడ్డట్టు, ఉన్నచోటే ఉండిపోయాయి. మేజోళ్ళతో ఆయన చట్టం గురించి ఎంత బాగా మాట్లాడినా ఎవరికీ గుర్తు లేదు. హాలు యజమాని ఆ బూట్లని నేల చెక్కముక్కతో సహా తెచ్చి సమాఖ్య అధ్యక్షుడి బల్ల మీద పెట్టాడు.

సమాఖ్య కార్యాలయం ఒక లాండ్రీ మీద రెండు గదులు. కింద ఇస్త్రీ ఆవిరి లేచినప్పుడల్లా పైన అల్మరాలో కప్పులకి చెమట పట్టేది. ఎవరూ ఏమీ గెలవని మధ్యాహ్నాల్లో కూడా అవి అప్పుడే ఆడి వచ్చినట్టు మెరిసేవి. ఆ రెండు గదుల్లో జట్లకంటే కమిటీలు ఎక్కువ. బంతుల కమిటీ ఉంది, వలల కమిటీ ఉంది, కమిటీలు పనిచేస్తున్నాయో లేదో చూసే కమిటీ ఉంది. వైద్య కమిటీ కూడా ఉంది. అందులో డాక్టరొక్కడే తక్కువ.

బూట్ల దెబ్బకి జిగురు నిషేధించారు. మ్యాచ్‌కి ముందు అందరి చేతులూ తనిఖీ చెయ్యడానికి ఒక మనిషి కావాలన్నారు. ఆటగాళ్ళ చేత తిట్లు తినే పని ఎవరికి కావాలి? అందరూ కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టల్ని శ్రద్ధగా చూస్తున్నారు. ఆ సమయంలో టీ చేతి మీద ఒలికి, కడుక్కోవడానికి బయటికి వెళ్ళిన సభ్యుడు మామయ్య ఒక్కడే. తిరిగొచ్చేసరికి తీర్మానం ఏకగ్రీవమైపోయింది.

"మీ చేతులు శుభ్రంగా ఉన్నాయి. మీరే తగినవారు" అన్నాడు అధ్యక్షుడు.

వేరేవాళ్ళయితే మ్యాచ్ ఉన్న రోజుల్లో తనిఖీ చేసి మిగతా రోజులు తిని పడుకునేవారు. మామయ్య ఏ పనైనా తలకెత్తుకున్నాడంటే దాన్ని దించే దిక్కుండదు. జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు నాడి చూద్దామని చెయ్యి చాపాడు. ఈయన ఆ చేతిని అందుకుని వేళ్ళు తడిమి, వాసన చూసి, "ఊఁ" అన్నాడు. డాక్టరు నర్సు వైపు తిరిగి, "జ్వరం తలకెక్కింది" అని రాయించాడు.

క్రీడల మంత్రి పోటీలు ప్రారంభించడానికి వచ్చినప్పుడు అంతకంటే పెద్ద ముప్పు వచ్చిపడింది. మంత్రి అప్పుడే మిఠాయి తిని, చిరునవ్వుతో మామయ్యకి చెయ్యిచ్చాడు. మామయ్య కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ" రాలేదు.

"కడుక్కుని రండి" అన్నాడు.

"నేనా?" అన్నాడు మంత్రి.

"నియమం అందరికీ ఒకటే సార్. కుళాయి ఎడమ పక్క."

అధ్యక్షుడు కుర్చీ చెయ్యి పట్టుకుని తూలాడు. మంత్రి ఎందుకో బుద్ధిగా వెళ్ళి కడుక్కుని వచ్చి రెండు చేతులూ చూపించాడు. తర్వాత ప్రసంగంలో, "ఈ దేశంలో నా చేతులు శుభ్రంగా ఉన్నాయని ధ్రువీకరించినవాడు ఈయనొక్కడే" అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో, వీళ్ళు ఏ ఉద్దేశంతో కొట్టారో ఎవరూ అడగలేదు.

ఈ మాటలొచ్చినప్పుడల్లా అత్తయ్య తన కథ చెప్పేది. "మీ మామయ్య మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నప్పుడు అబ్బో, ఎంత ప్రేమో అనుకున్నానే. మెల్లగా పైకెత్తాడు. ముద్దు పెట్టుకుంటాడనుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిస్తే ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నాడు. 'ఊఁ, ఏమీ లేదు' అన్నాడు. ఏమీ లేదంటే ఏమిటో ఈనాటికీ అర్థం కాలేదు."

"అప్పటికి జిగురు నిషేధం రాలేదు కదత్తయ్యా?" అంది మేనకోడలు.

"అదే నేనూ అంటున్నాను. సమాఖ్యని ఊరికే ఆడిపోసుకుంటారు. ఈ మనిషి ముందునుంచీ ఇంతే."

ఆ ఏడాది నీటి సరఫరా శాఖకి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. క్రీడలంటే ఆయనకి ప్రత్యేకమైన ద్వేషం ఏమీ లేదు. జీతం తీసుకుంటూ ఎవరైనా సంతోషంగా కనిపిస్తే మాత్రం ఓర్చుకోలేడు. మేనకోడల్ని గదిలోకి పిలిచి నిలబెట్టే మాట్లాడాడు.

"కుళాయిల్లో నీళ్ళు రావట్లేదని జనం గగ్గోలు పెడుతున్నారు. మనవాళ్ళేమో బంతులాడుకుంటున్నారు. బాగుందామ్మా?"

"ఆడకపోతే నీళ్ళొస్తాయా సార్?"

"ఎదురు ప్రశ్నలొద్దు. ఈసారి జాతీయ కప్పు తెస్తే జట్టు ఉంటుంది. తేకపోతే రద్దు. మీ ఆడపిల్లలందరూ మీటర్లు చూడ్డానికి పోతారు. మీరూ ఒక బల్ల చూసుకోండి."

ఆ ఆడపిల్లలకి రోజంతా ఉద్యోగమే. సాయంత్రం ఆ హాల్లో గడిపే కాస్త సేపే వాళ్ళు బతికేది. బంతి చేతికందిన క్షణాన ఇల్లూ, ఆఫీసూ, మొగుడూ, మేనేజరూ అన్నీ కింద నేలమీద ఉండిపోయేవి. వాళ్ళు గాల్లో ఉండేవాళ్ళు. ఆ గాలిని రద్దు చేస్తానంటున్నాడు సూపరింటెండెంటు. మేనకోడలికి నిద్ర పట్టడం మానేసింది.

అయితే ఆమె చేతిలో ఒక పిడుగు ఉంది. ఆ పిల్లని అందరూ పిలిచేదే పిడుగని. బిల్లుల విభాగంలో గుమాస్తా. మాట్లాడితే పక్క కుర్చీకి వినపడదు, బంతి విసిరితే పక్క వీధికి వినపడుతుంది. ఆమె బంతికి ఎదురునిలిచిన గోల్‌కీపర్లు ఆ తర్వాత కాసేపు జీవితం గురించి ఆలోచించుకునేవారు. పిడుగు పుణ్యమా అని జట్టు ఒక్కో మ్యాచూ దాటుకుంటూ ఫైనల్‌కి చేరింది. ఇంకొక్క గెలుపు చాలు.

ఫైనల్ రోజు రెండు జట్లూ హాలు బయట నడవలో చేతులు చాపి వరసగా నిలబడ్డాయి. లోపల జనం కేకలు గోడల్లోంచి వానచప్పుడులా వినిపిస్తున్నాయి. మామయ్య ఒక్కో చెయ్యీ అందుకుంటూ వస్తున్నాడు. నొక్కడం, తడమడం, పీల్చడం, ఊఁ. నొక్కడం, తడమడం, పీల్చడం, ఊఁ. పిడుగు దగ్గరికొచ్చి కుడిచెయ్యి అందుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు మూసుకున్నాడు.

"ఊఁ" రాలేదు.

"జిగురు" అన్నాడు కళ్ళు తెరిచి.

మేనకోడలు నవ్వింది, వేళాకోళం అనుకుని. మామయ్య నవ్వలేదు.

"ఏం జిగురు? అది సబ్బు వాసన మామయ్యా!"

"సబ్బు కింద జిగురు."

"అయితే మళ్ళీ కడుక్కుని వస్తుంది. మంత్రిగారిని కడుక్కోనిచ్చావుగా!"

"మంత్రిగారు గోల్స్ వెయ్యరు. ఆటగత్తె చేతికి జిగురుంటే ఆ మ్యాచ్‌కి బయటే. నియమం నీకూ తెలుసు."

"కావాలంటే రిఫరీని చూడమను."

రిఫరీ ముందుకొచ్చి, పిడుగు చెయ్యి మీదికి మర్యాదగా వంగి, వాసన చూసి, తలెత్తి మామయ్య మొహం చూశాడు. "నాకు జలుబండీ" అన్నాడు. దేశంలో జిగురుకి సంబంధించిన సాక్ష్యమంతా ఒకే ఒక్క ముక్కు మీద నిలబడి ఉందని ఆయనకి తెలుసు. ఆ ముక్కుతో తగువు పెట్టుకోదలచుకోలేదు.

"నేను నీ సొంత అక్క కూతుర్ని మామయ్యా!" అంది మేనకోడలు.

"అందుకే లోకం నమ్ముతుంది" అన్నాడు మామయ్య. పక్క పిల్ల చెయ్యి అందుకున్నాడు.

పిడుగు తల దించుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకుని, నడవ చివరికి నడిచి వెళ్ళిపోయింది. మేనకోడలు అది అవమానమనుకుంది.

మ్యాచ్ ఎలా జరిగిందంటే, పిడుగు లేని ఆకాశంలా జరిగింది. వాన మాత్రం బానే పడింది. అమ్మాయిలు పడి, లేచి, మోకాళ్ళు గీరుకుని, ఉన్న బలమంతా విసిరారు. ఆఖరి క్షణం దాకా సమానంగా వెళ్ళారు. ఆ ఆఖరి క్షణంలో వీళ్ళు విసిరిన బంతి గోలు కర్రకి తగిలి, ఎటు పోదామా అని కాసేపు ఆలోచించి, అవతలి జట్టు చేతుల్లోకి వెళ్ళింది. వాళ్ళు ఆ చివరనుంచి ఈ చివరికి పరిగెత్తి గోల్ వేశారు. ఒక్క గోలు తేడా. ముందు వరసలో సూపరింటెండెంటు లేచి, ప్యాంటు దులుపుకుని, "రేపు ఆఫీసులో కలుద్దాం" అన్నాడు. ఆయన మొహంలో ఎంత శాంతి అంటే, కప్పు ఆయనే గెలిచాడనుకోవాలి.

మేనకోడలు మామయ్యని వెతుక్కుంటూ బయల్దేరింది. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకుంది. "నీ ముక్కు మండిపోను" దగ్గర మొదలుపెట్టి, చుట్టరికం తెంచుకోవడం దగ్గర ముగిద్దామనుకుంది. ప్రథమ చికిత్స గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మామయ్య గొంతు వినిపించింది. తలుపు తోసింది.

"నీ ముక్కు..." అని ఆగిపోయింది.

పిడుగు కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి మంచుముక్కల బకెట్లో ఉంది. పక్కన మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని, కరిగిన నీళ్ళు వంచేసి కొత్త మంచు వేస్తున్నాడు. మేనకోడలు ఆ చెయ్యి పైకి తీసి చూసింది. ఉంగరం వేలు వాచి, వంకాయ రంగు తిరిగి ఉంది.

"ఎప్పుడే ఇది?"

"సెమీఫైనల్లో అక్కా. పట్టీ వేసుకుని ఆడేద్దామనుకున్నా. చేతులు చూపించాలి కదా అని విప్పాను. విప్పినప్పుడు వాపింత లేదు, ఆడాక వస్తే రానీ అనుకున్నా."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్తే జట్టు పోతుంది కదా."

బల్ల దగ్గర పట్టీలు సర్దుతున్న నర్సు తలెత్తకుండానే అంది, "ఆడకపోవడం మంచిదైంది. ఇంకో దెబ్బ తగిలుంటే ఆ వేలు మళ్ళీ వంగేది కాదు."

మేనకోడలు కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంది. కనపడక బకెట్ పక్కన నేలమీదే కూర్చుంది. కూర్చున్నాక ఒకటొకటే గుర్తొచ్చాయి. తను ఆడే రోజుల్లో ఒకసారి ఒళ్ళు కాలిపోతుంటే ఎవరికీ చెప్పకుండా వరసలో నిలబడితే, ఈయన చెయ్యి పట్టుకుని "జిగురు" అన్నాడు. ఆ కోపంతో చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. కొత్తగా తల్లి కాబోతూ దాచిపెట్టిన గోల్‌కీపర్ చేతికీ జిగురే. మణికట్టు బెణికిన రైట్ వింగర్ చేతికీ జిగురే. సమాఖ్య వైద్య కమిటీలో డాక్టరు లేడని ఊరంతా నవ్వుకుంటుంటే, ఈయన నడవలో నిలబడి, జ్వరాలూ వాపులూ భయాలూ చేత్తో చదువుకుంటూ, అన్నిటికీ ఒకే పేరు పెడుతున్నాడు.

"నాకు చెవిలో చెప్పుంటే సరిపోయేది కదా మామయ్యా" అంది నెమ్మదిగా.

"చెప్తే ఏం చేసేదానివి? 'ఆడగలవా తల్లీ' అని అడిగేదానివి. ఈ పిల్ల 'ఆడతానక్కా' అనేది. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరు మంచివాళ్ళు కలిశారంటే ఒక వేలు విరగాల్సిందే."

మేనకోడలు నిజంగా అలాగే అడిగేది.

"పోనీ గాయమనే రాయచ్చుగా? జిగురని మచ్చెందుకు? ఇప్పుడు ఈ పిల్ల మోసగత్తె అయింది, నువ్వు మూర్ఖుడివయ్యావు. జట్టు పోనే పోయింది."

మామయ్య తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "గాయమైతే దానికి అప్పీలుండదే. జిగురుకి ఉంటుంది."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద? నా మీద వెయ్యి. అప్పీలు తేలేదాకా ఆ జట్టుని రద్దు చెయ్యడానికి ఎవరికీ వీల్లేదు. జట్టు లేకపోతే విచారణ ఎవర్ని చేస్తారు? సమాఖ్య నియమం. బూట్ల గొడవైనప్పుడు అందరూ కలిసి రాసిందే. నేను తప్ప ఎవరూ చదవలేదు."

"తేలిపోతేనో?"

మామయ్య ఆమె వంక జాలిగా చూశాడు. "మన సమాఖ్యలోనా?"

అప్పీలు వేసింది. మర్నాడు సూపరింటెండెంటు రద్దు ఉత్తర్వు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే, దాని మీద అప్పీలు కాగితం పెట్టి వచ్చింది. ఆయన హడావిడిగా లాండ్రీ మీది గదులకి పరిగెత్తాడు.

"ఇదెప్పటికి తేలుతుందండీ?" అని అధ్యక్షుణ్ణి అడిగాడు.

"మొదలైనవి చాలా ఉన్నాయి. తేలినవాటి గురించి విచారించి చెప్తాను" అన్నాడు అధ్యక్షుడు నిజాయితీగా.

సాక్ష్యం ముక్కు కాబట్టి ముక్కుని పరీక్షించే నిపుణుడు కావాలన్నారు. నిపుణుణ్ణి వెతకడానికి ఒక కమిటీ వేశారు. ఈలోగా అమ్మాయిలు సాయంత్రాలు హాలుకి వస్తూనే ఉన్నారు. పిడుగు వేలు మానింది. మళ్ళీ గోల్‌కీపర్లు జీవితం గురించి ఆలోచించుకోసాగారు.

విచారణ మొదలయ్యాకగాని అత్తయ్య అసలు సంగతి బయటపెట్టలేదు. "ఆ ఏడాది విదేశంలో పెద్ద పోటీలకి మీ మామయ్యని పరిశీలకుడిగా పంపుతామన్నారే. అప్పీలున్నవాణ్ణి పంపకూడదట. ఎన్నాళ్ళ కోరికో, పిచ్చి మనిషి కోటు కూడా కుట్టించుకున్నాడు."

"అయ్యో! నాతో ఒక్క మాటైనా అనలేదే. ఆ కోటేం చేశాడు?"

"ఏం చేస్తాడు? విచారణకి వేసుకెళ్తున్నాడు."

నిజమే. వాయిదా వచ్చినప్పుడల్లా మామయ్య ఆ నీలం కోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని, పెళ్ళికొడుకులా వచ్చి ముద్దాయి కుర్చీలో కూర్చుంటాడు. మేనకోడలు లేచి నిలబడుతుంది. సూపరింటెండెంటు ఆశగా ముందుకి వంగుతాడు.

"అధ్యక్షా! ఈయన చెప్పింది పచ్చి అబద్ధం. ఆ చేతికి జిగురు లేదు. ఆ సంగతి ఈయనకి బాగా తెలుసు!"

ఆ గదుల్లో అంత నిజం ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఉండరు.

మామయ్య మెల్లగా లేస్తాడు. "ఇది చాలా తీవ్రమైన ఆరోపణ. జవాబు చెప్పుకోవడానికి నాకు వ్యవధి కావాలి" అంటాడు.

"మళ్ళీనా?" అంటాడు అధ్యక్షుడు, వాయిదా వేస్తూ.

సూపరింటెండెంటు గొడుగు తీసుకుని వెళ్ళిపోతాడు. మెట్లు దిగుతూ మామయ్య మేనకోడలి పక్కకి చేరతాడు.

"ఈసారి కాస్త మెత్తబడ్డావే. వెనక వరసకి సరిగ్గా వినపళ్ళేదు."

"ఎంతని తిట్టను మామయ్యా, నవ్వొస్తోంది!"

"నవ్వితే కొంప మునుగుతుంది. వచ్చే వాయిదాకి మీ అత్తయ్య దగ్గరికెళ్ళి నాలుగు మాటలు నేర్చుకునిరా. ఆవిడ దగ్గర బోలెడున్నాయి."